విమాన ప్రయాణంలో దూరం, కాలం: విజయవాడ - విశాఖపట్నం మార్గం ఆధారంగా పరిభాషా పరిశీలన

వ్యాససంగ్రహం:

రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణకాలమెంత అని అడిగితే తెలుగులో సాధారణంగా ఒక్కొక్క సంఖ్యతో సమాధానం వస్తుంది. విమానయాన నిబంధనల్లో మాత్రం దూరాలు ఒకటికి మించి ఉన్నాయి, కాలాలూ అంతే. విజయవాడ (గన్నవరం), విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య మార్గాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ భేదాలను వివరించడం, ఇంగ్లీషు పారిభాషిక పదాల యథాతథ అనువాదం ప్రయాణికుడి హక్కులపై చూపగల ప్రభావాన్ని చర్చించడం, తెలుగు క్రియాపదాలలోనే ఉన్న పరిష్కారాన్ని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: దూరమానాలు, విమానయానం, పరిభాష, అనువాదం, ఆమడ, గడియ, బ్లాక్ కాలం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారు దూరాన్ని కాలంతోనూ, కాలాన్ని దూరంతోనూ కొలవడం కొత్త కాదు. ‘పూట ప్రయాణం’, ‘రెండు జాముల నడక’ అన్నప్పుడు చెబుతున్నది దూరం. వాడుతున్న కొలత కాలానిది. ‘కూతవేటు దూరం’లో కొలత మనిషి గొంతు, ‘కనుచూపు మేర’లో మనిషి కన్ను. కోసు, ఆమడ వంటివి కచ్చితమైన దూరమానాలుగా కనిపించినా అవి కూడా ప్రాంతాన్ని బట్టి మారినవే. ఆమడను ఇంచుమించు ఎనిమిది మైళ్ళుగా లెక్కించడం పరిపాటి.

1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ నుంచి మజిలీకి దూరాన్ని ఆమడలలో నమోదు చేశాడు. అయితే ఆయన ఆమడల లెక్కతో ఆగలేదు. దారి ఇసుకపర్రా, రాతినేలా, మధ్యలో ఏరు ఉందా, దాటడానికి సదుపాయం ఉందా అన్నదీ రాశాడు. పల్లకీ మోసే బోయీలతో సాగే ప్రయాణంలో ఆమడల సంఖ్య ఒక్కటే తెలిస్తే చాలదు. అదే ఆమడ గట్టినేల మీద ఒక కాలం తీసుకొంటుంది, ఇసుకలో మరొక కాలం తీసుకొంటుంది. దూరానికీ కాలానికీ మధ్య ఉన్న సంబంధం దారి స్వభావం మీద ఆధారపడుతుందన్న ఈ గ్రహింపు రెండు శతాబ్దాల నాటి యాత్రాచరిత్రలో స్పష్టంగా ఉంది. నేటి ప్రయాణ సమాచారంలో అదే లోపించింది. ఆకాశానికి ఇసుకా రాళ్ళూ లేవు కనుక దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వచ్చేస్తుందన్న అభిప్రాయం చదువుకొన్నవారిలో సైతం ఉంది.

2. దూరం - ఏ చోటి నుంచి ఏ చోటికి?

విజయవాడ - విశాఖపట్నం మధ్య రైలు దూరం 350 కి.మీ. రెండు విమానాశ్రయాల మధ్య నేరు దూరం సుమారు 290 కి.మీ. ఈ రెండో సంఖ్యను ఎవరైనా కాగితం మీద రాబట్టవచ్చు. గన్నవరం విమానాశ్రయం సుమారు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. విశాఖపట్నం విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 111 కి.మీ. చొప్పున ఉత్తరదిశగా 132 కి.మీ. రేఖాంశాల తేడా దాదాపు 2.43 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతాయి కనుక ఈ ప్రాంతంలో ఒక డిగ్రీ 106 కి.మీ. మాత్రమే, తూర్పుదిశగా 258 కి.మీ. లంబకోణ త్రిభుజంలో కర్ణాన్ని లెక్కించినట్లు లెక్కిస్తే 290 కి.మీ. వస్తుంది. నాటికల్ మైళ్ళలో ఇది 157. నాటికల్ మైలు 1,852 మీటర్లు; అక్షాంశంలో ఒక నిమిషపు భాగం నుంచి పుట్టిన కొలత అది. ఓడల నుంచి విమానాలకు వచ్చింది.

భూమి గోళాకారం కనుక అతి తక్కువ దూరం గోళం మీది మహావృత్తపు చాపం అవుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది నిజమే కాని, 290 కి.మీ. మార్గంలో ఆ వంపు లెక్కలోకి రానంత స్వల్పం. ఖండాంతర ప్రయాణాల్లోనే దాని ప్రభావం కనిపిస్తుంది.

350కీ 290కీ మధ్య ఉన్న 60 కి.మీ. తేడా ఎక్కడి నుంచి వచ్చింది? రైలు వంకరటింకరగా పోతుంది, విమానం తిన్నగా పోతుంది అన్నది అందరూ చెప్పే సమాధానం. కొంతవరకే అది సరైనది. విజయవాడ, విశాఖపట్నం రైల్వేస్టేషన్ల మధ్య నేరు దూరాన్ని పై పద్ధతిలోనే లెక్కిస్తే దాదాపు 313 కి.మీ. వస్తుంది. అంటే 60 కి.మీ.లో దాదాపు 23 కి.మీ. తేడా రెండు కొలతల కొసలు వేరు కావడం వల్ల ఏర్పడింది. విజయవాడ స్టేషనుకు తూర్పున, విశాఖ వైపు జరిగి గన్నవరం ఉండడమే ఇందుకు ప్రధాన కారణం. ఆ మేరకు ప్రయాణికుడు విమానం ఎక్కకముందే రోడ్డు మీద ప్రయాణించాడు. రైలుమార్గపు వంపుల వల్ల పెరిగినది మిగిలిన 37 కి.మీ. మాత్రమే. నిజానికి గన్నవరం నుంచి విశాఖకు గీసిన సరళరేఖ రాజమహేంద్రవరం మీదుగా, తుని సమీపంగా పోతుంది. రైలూ ఆ ఊళ్ళ మీదుగానే పోతుంది. గోదావరిని దాటే చోటు విషయంలో ఆకాశరేఖకూ రైలుపట్టాకూ పెద్ద పేచీ లేదు.

ఇక విమానం నిజంగా ఎగిరే దూరం ఈ 290 కి.మీ. కూడా కాదు. గన్నవరం రన్‌వే సంఖ్యలు 08, 26. ఈ సంఖ్యలను పదితో గుణిస్తే రన్‌వే సాగే అయస్కాంత దిశ డిగ్రీలలో తెలుస్తుంది. విశాఖ దిశ ఉత్తరం నుంచి దాదాపు 63 డిగ్రీలు. విమానం 08 వైపు, అంటే తూర్పుగా లేస్తే కొద్దిపాటి మలుపుతో దారిలో పడుతుంది. ఎదురుగాలి కోసం 26 వైపు, అంటే పడమరగా లేవాల్సి వస్తే దాదాపు వెనుదిరగాలి. విశాఖలో రన్‌వే 10, 28. పడమర నుంచి వచ్చే విమానం 10 వైపు వాలితే దారి సులువు. 28 వైపు వాలాలంటే ఊరు దాటి సముద్రం వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరగాలి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉన్నది కావడం, చుట్టూ కొండలుండడం అక్కడి రాకపోకల క్రమాన్ని మరింత ప్రభావితం చేస్తాయి. వీరాస్వామయ్య నమోదు చేసిన ఇసుకకూ ఏరుకూ ఆకాశంలోని ప్రతిరూపాలు ఇవే అనుకోవచ్చు.

3. కాలం - ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

ఈ మార్గంలో చిన్న నగరాల మధ్య తిరిగే ఏటీఆర్-72 తరగతి విమానాన్ని ఊహిస్తే, దాని సాధారణ వేగం గంటకు సుమారు 500 కి.మీ. ఆ లెక్కన 290 కి.మీ.కు 35 నిమిషాలు చాలు. కాని విమాన సంస్థల పట్టికల్లో ఈ ప్రయాణానికి గంటకు అటూఇటూగా చూపిస్తారు. మిగిలిన పాతిక నిమిషాలు ఏమైనట్లు?

విమానం నిలిచివున్న చోటు నుంచి కదిలి రన్‌వే చేరడానికి కొంత, తన వంతు కోసం ఆగడానికి కొంత పడుతుంది. పైకి ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడు వేగాన్ని క్రమంగా తగ్గించుకొంటూ రన్‌వేకు ఎదురుగా రావాలి. నేలను తాకాక తిరిగి నిలుపుచోటికి చేరాలి. ఆలస్యాలను దృష్టిలో పెట్టుకొని సంస్థలు పట్టికలో కొంత వెసులుబాటు కలుపుకొంటాయి. గంటకు 830 కి.మీ. వేగంతో పోగల జెట్ విమానాన్ని ఇదే మార్గంలో నడిపితే భాగాహారం ప్రకారం 21 నిమిషాలు రావాలి. కాని జెట్‌కు కూడా పట్టికలో పెద్ద ఆదా కనిపించదు. పూర్తి వేగం అందుకొన్న కాసేపటికే అది దిగడం మొదలుపెట్టాలి. నేల మీది నిమిషాలు ఏ విమానానికైనా ఒకటే. దగ్గరి ఊళ్ళ మధ్య విమానపు వేగం కంటె విమానాశ్రయపు రద్దీ ప్రధానమన్నమాట.

గాలి ప్రభావం కూడా ఇంతే. గంటకు 40 కి.మీ. వేగంతో వెనుకగాలి వీస్తే విమానం నేలను బట్టి 540 కి.మీ. వేగంతో పోతుంది, అదే ఎదురుగాలి అయితే 460. మార్గమంతటా లెక్కవేసినా 32 నిమిషాలకూ 38 నిమిషాలకూ ఉన్న తేడాయే వస్తుంది. దూరం పెరిగేకొద్దీ గాలి ప్రాధాన్యం పెరుగుతుంది. 2016లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చినప్పుడు దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది. వెనుకగాలి కలిసిరావడంతో కాలం మాత్రం తగ్గింది. ఎక్కువ దూరానికి తక్కువ కాలం పట్టడం నడిచే మనిషికి వింతగా తోచవచ్చు. వాలున పోయే పడవకు అది వింత కాదు.

కాలం గురించి మరొక చిన్న ముచ్చట. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఈ విమానం తుని దరిదాపుల్లో దాటుతుంది. రెండు విమానాశ్రయాల రేఖాంశాల తేడా దాదాపు 2.43 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యగమనంలో తేడా దాదాపు పది నిమిషాలు. 1906లో ప్రామాణిక కాలం అమల్లోకి రాకముందు మాదిరి ఊరూరా సూర్యుణ్ణి బట్టి గడియారం పెట్టుకొని ఉంటే, గంట ప్రయాణం విశాఖకు వెళ్ళేటప్పుడు 70 నిమిషాలుగా, వచ్చేటప్పుడు 50 నిమిషాలుగా కనిపించేది. ఈ సవరణ పంచాంగకర్తలకు నేటికీ అవసరమే. వారు దీన్ని ‘దేశాంతరం’ అంటారు. సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాల్లో మధ్యరేఖ నుంచి స్థలానికి ఉన్న దూరాన్ని యోజనాల్లో తీసుకొని ఘటికల్లోకి మార్చే గణితం ఉంది. వాడుకలో పరదేశమన్న అర్థంలో స్థిరపడిన ఆ మాట శాస్త్రంలో దూరానికీ కాలానికీ నడుమ మారకపు పదంగా పనిచేయడం గమనించదగినది. గడియ అంటే 24 నిమిషాలు కనుక విజయవాడ, విశాఖల మధ్య దేశాంతరం అరగడియకు కూడా తక్కువే.

4. నిబంధనల భాష:

దూరమూ కాలమూ ఇలా పలురకాలైనప్పుడు చట్టం దేన్ని గ్రహిస్తుందన్నది కీలకం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్వచనం ప్రకారం ‘ఫ్లైట్ టైమ్’ అంటే విమానం గాలిలో ఉన్న కాలం కాదు. ఎగరడం కోసం విమానం మొదటిసారి కదిలిన క్షణం నుంచి ప్రయాణాంతంలో పూర్తిగా నిలిచిపోయే క్షణం వరకు గల మొత్తం కాలం. దీనినే వాడుకలో ‘బ్లాక్ టైమ్’ అంటారు. నిలిచిన విమానం కదలకుండా చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెల నుంచి ఆ మాట వచ్చింది. లారీ చక్రం కింద రాయి పెట్టడం వంటిదే అది. అందువల్ల ‘ఫ్లైట్ టైమ్’ను ‘ఎగిరే కాలం’ అని మాటకు మాటగా తెలుగు చేస్తే అనువాదం సహజంగా ఉంటుంది. అర్థం మాత్రం తప్పుతుంది.

తప్పు ఎంత విలువైనదో మన దేశపు నిబంధనే చూపుతుంది. ముందుగా తెలియజేయకుండా విమానాన్ని రద్దుచేస్తే, సంస్థ అదుపులో లేని అసాధారణ పరిస్థితులు మినహా, ప్రయాణికుడికి పరిహారం చెల్లించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2016లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ మొత్తం బ్లాక్ కాలం మీద ఆధారపడుతుంది. గంట వరకు అయితే 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు 7,500, అంతకు మించితే 10,000 గరిష్ఠ పరిమితి. మూల టిక్కెట్టు ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తం ఇంతకంటె తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. ఆలస్యమైనప్పుడు ఆహారం, పానీయం అందించే బాధ్యత ఎన్ని గంటలకు మొదలవుతుందన్నదీ బ్లాక్ కాలాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

విజయవాడ - విశాఖ మార్గం సరిగ్గా ఆ మొదటి గీత మీద నిలిచివుంది. ‘ఎగిరే కాలం’ అని చదివిన తెలుగు ప్రయాణికుడు తన ప్రయాణం 40 నిమిషాలదని, కనుక మొదటి తరగతికే చెందుతుందని అనుకొంటాడు. పట్టికలో బ్లాక్ కాలం 60 నిమిషాలుంటే అతని ఊహ ఫలితంలో సరిపోతుంది. 65 నిమిషాలుంటే అతడు రెండో తరగతికి చెందుతాడు, ఆ సంగతి అతనికి తెలియదు. ఇక్కడ అనువాదపు లోపం శైలికి సంబంధించినది కాదు.

‘ఉడాన్’ పథకం విషయంలోనూ ఇలాంటి సందిగ్ధతే ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా - ఢిల్లీ మార్గంతోపాటు కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ విమానాలతో ఆ పథకం మొదలైంది. సుమారు 500 కి.మీ. దూరానికి, అంటే ఒక గంట ప్రయాణానికి, 2,500 రూపాయల గరిష్ఠ ధర అని ప్రచారం జరిగింది. 500 కి.మీ.ను గంటగా సమీకరించడం ఏటీఆర్ వేగాన్ని దృష్టిలో పెట్టుకొన్న స్థూలమైన లెక్క. కడప - హైదరాబాద్ నేరు దూరం సుమారు 306 కి.మీ. మాత్రమే అయినా ప్రయాణికుడి చేతి గడియారంలో ఆ ప్రయాణం కూడా దాదాపు గంటే. అక్కడ ధరకు ఆధారం ఒక అంచెలోని దూరమే తప్ప గంట కాదు. ‘స్టేజ్ లెంగ్త్’ అన్న పదానికి ‘అంచెదూరం’ సరిపోతుంది. అంచె అన్న మాట తపాలా మోసినవారి కాలం నుంచి తెలుగులో ఇదే అర్థంలో ఉంది.

5. తెలుగు క్రియలు:

పరిభాషా నిర్మాణంలో తెలుగువారికి మొదట తోచేది సంస్కృత సమాసం. గగనకాలం, యానకాలం, ప్రస్థానసమయం వంటివి కూర్చడం కష్టం కాదు. కాని వాటికి మళ్ళీ నిర్వచనాలు రాయాల్సి వస్తుంది. ఇంతకంటె ముందు చూడవలసింది వాడుకలోని క్రియల అస్పష్టత. ‘విమానం బయలుదేరింది’ అంటే నిలుపుచోటు నుంచి కదిలిందా, నేల విడిచిందా? ‘విమానం దిగే సమయం’ అంటే విమానం నేలకు దిగే సమయమా, ప్రయాణికుడు విమానం దిగే సమయమా? బస్సు విషయంలో ఈ చిక్కు లేదు. బస్సు తాను దిగదు.

నాలుగు క్రియలను కచ్చితంగా పాటిస్తే ఈ చిక్కు తొలగుతుంది. విమానం కదులుతుంది, లేస్తుంది, వాలుతుంది, ఆగుతుంది. కదలడం నుంచి ఆగడం వరకు బ్లాక్ కాలం. లేవడం నుంచి వాలడం వరకు గాలిలో ఉన్న కాలం. ‘వాలు’ పక్షులకు చెప్పే క్రియ కనుక ప్రయాణికుడు దిగడంతో కలగలిసిపోయే ప్రమాదం లేదు. పత్రికల్లో ఇది అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది. అలంకారంగా కాక పారిభాషికంగా వాడడమే మిగిలింది. బ్లాక్ కాలానికి ఒకే పదం కావాలంటే ‘రేవుకాలం’ అనే సూచన ఒకటి చేయవచ్చు. అయితే రేవు అనగానే విమానాశ్రయం మొత్తం స్ఫురిస్తుంది, విమానం నిలిచే చోటు స్ఫురించదు. అంతకంటె చట్టసంబంధమైన రాతల్లో ‘బ్లాక్ కాలం’ అని ఉంచి, పక్కనే ‘విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా’ అని రాయడం మేలు. రైలు, బస్సు, టిక్కెట్టు తెలుగువే అయినప్పుడు బ్లాక్ కూడా కాగలదు.

ప్రయాణికుడి దృష్టిలో వీటన్నిటికీ మించిన కాలం మరొకటి ఉంది. అది ఇంటి గుమ్మం నుంచి చేరవలసిన గుమ్మం వరకు పట్టే కాలం. గన్నవరం చేరడం, నిర్ణీత సమయానికి గంట ముందే మూసివేసే చెక్-ఇన్ కౌంటరును అందుకోవడం, అవతల సామాను తీసుకొని ఊళ్ళోకి వెళ్ళడం కలిపితే గంట ప్రయాణం మూడు, మూడున్నర గంటలవుతుంది. ఇవే నగరాల మధ్య వందేభారత్ రైలు నాలుగు గంటలకు కొంచెం అటూఇటూగా తీసుకొంటుంది. ఈ కాలానికి నిబంధనల్లో పేరు లేదు. దాన్ని బట్టి ఎవరూ పరిహారం ఇవ్వరు కనుక పేరు అవసరం పడలేదు.

విశాఖ పౌర విమానాలు విజయనగరం జిల్లాలోని భోగాపురానికి మారినప్పుడు గన్నవరం నుంచి నేరు దూరం దాదాపు 40 కి.మీ. పెరుగుతుంది. ఏటీఆర్ వేగానికి అది ఐదు నిమిషాలు. విశాఖ నగరవాసికి రోడ్డు మీద పెరిగేది అంతకంటె చాలా ఎక్కువ. భోగాపురం నగరానికి 45 కి.మీ. దూరంలో ఉంది. నిబంధన మాత్రం ఆ ఐదు నిమిషాలనే చూస్తుంది. పట్టికలో 60 ఉన్న చోట 65 వస్తే విమానం రద్దయిన రోజున గరిష్ఠ పరిహారం 5,000 నుంచి 7,500కు మారుతుంది. ఆ మార్పు తెలుగులో చదివే ప్రయాణికుడికి తెలిసేదీ లేనిదీ కౌంటరు పక్కన అతికించే తెలుగు ప్రకటనలో ‘ఎగిరే కాలం’ అని ఉంటుందా, ‘కదిలినప్పటి నుంచి ఆగేదాకా’ అని ఉంటుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.